తక్కువ బరువు పాప, మడమ రక్తం కార్డులో సీ8 హద్దు దాటింది. జబ్బేనా, నూనె వల్లా?

సిక్కోలు_స్టాఫ్‌నర్స్:
నమస్తే. 34 వారాలకి పుట్టిన ఆడపిల్ల, పుట్టినప్పుడు 1,640 గ్రాములు. శ్రీకాకుళం వైపు ఎస్‌ఎన్‌సీయూలో (జబ్బు పడ్డ పసికందుల వార్డు) ఉంది. పుట్టుకతో వచ్చే జబ్బులు వెతికే మడమ రక్తం కార్డు 48–72 గంటల మధ్య తీయడం కుదరక 9వ రోజున తీశారు. సీ8, సీ10 అంటే 8, 10 కార్బన్ల కొవ్వు ఆమ్లాలు కార్నిటిన్‌తో కలిసిన రూపాలు. సీ8 0.46, సీ10 0.42 (లీటరుకి మైక్రోమోళ్లు). సీ8 పక్కన ఎరుపు గుర్తు ఉంది, సీ14:1 (ఇంకా పొడవైన కొవ్వు ఆమ్లానిది) మామూలే. బరువు కోసం 6వ రోజు నుంచి తల్లిపాలలో ఎంసీటీ నూనె (మధ్యస్థ పొడవు కొవ్వుల నూనె) కలుపుతున్నారు. ఇంకో కార్డు పంపమన్నారు. ఎలా తీస్తే తప్పు పోకుండా ఉంటుంది? ఈలోగా ఇంటికి పంపొచ్చా? తల్లేమో "మా గుంట పాలు బాగానే తాగుతోంది కదా, ఏటవుద్దమ్మా" అంటోంది.

బయోకెమ్_విజీనగరం:
సిస్టర్, ముందు నూనె సంగతి. ఎంసీటీ నూనెలో ఉండేవి ప్రధానంగా 8, 10 కార్బన్ల కొవ్వు ఆమ్లాలే. అవే రక్తంలో సీ8, సీ10గా తేలతాయి, అందుకే రెండూ జంటగా పెరుగుతాయి. ఎంకాడ్ లోపంలో (మధ్యస్థ పొడవు కొవ్వుల్ని శక్తిగా మార్చే ఎంజైమ్ లోపం) అలా ఉండదు: సీ8 బాగా ఎత్తుకి పోతుంది, సీ10 వెనకబడుతుంది. మీ సీ8/సీ10 నిష్పత్తి 1.1 దగ్గరే ఉంది కాబట్టి నా అనుమానం నూనె మీదే. అలాగని కొట్టిపారేయొద్దు. డాక్టరుగారితో చెప్పి నూనె ఇప్పుడే ఆపించండి. నూనె వల్లే అయితే అంకె దిగుతుంది, నిజంగా ఎంకాడ్ లోపమైతే ఆ నూనె పాపకి హాని. దాని బదులు కొబ్బరినూనె కలపొద్దు, అందులోనూ ఈ ఆమ్లాలు కొంత ఉంటాయి. వీఎల్‌కాడ్ లోపంలో (చాలా పొడవైన కొవ్వుల్ని మార్చే ఎంజైమ్ లోపం) మాత్రం ఇదే నూనె వైద్యం, అందుకే జబ్బు పేరు తేలేదాకా నూనె మళ్లీ మొదలుపెట్టొద్దు.

ఇంకొకటి. రోజులు గడిచేకొద్దీ, పాలు బాగా పడేకొద్దీ సీ8 తగ్గుతుంది. రెండో కార్డు బాగుందని అక్కడితో ఆపకండి. మూత్రం కూడా పంపి హెక్సనోయిల్‌గ్లైసిన్ (ఎంకాడ్ లోపంలో మూత్రంలో పెరిగే పదార్థం) చూడమని రాయండి. ఇంకా అనుమానం మిగిలితే జన్యు పరీక్షే. ఐరోపావాళ్లలో ఎక్కువగా కనిపించే ఒక్క మార్పునే వెతికే పరీక్ష మనకి చాలదు, జన్యువు మొత్తం చదివించాలి.

కార్డు_అక్క:
మడమని గోరువెచ్చని గుడ్డతో 3–5 నిమిషాలు కాచి, స్పిరిట్ తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. మడమ పక్క భాగంలోనే గుచ్చాలి, మధ్యలోనో వెనక వంపులోనో వద్దు, అక్కడ ఎముక దగ్గరగా ఉంటుంది. 2 మి.మీ. లోతు దాటకూడదు, ఇంత చిన్న పాపకి ఇంకా పొట్టి లాన్సెట్ (గుచ్చే మొన) వాడాలి. మొదటి చుక్క పొడి గాజ్ గుడ్డతో తుడిచేయండి. తర్వాతి పెద్ద చుక్కని కార్డు మీది వలయానికి ఒక్కసారి తాకించి, వెనక వైపు దాకా ఇంకనివ్వండి. చుక్క మీద చుక్క వేశారా, అన్ని అంకెలూ పెరిగి వస్తాయి, ఎందుకంటే ల్యాబువాళ్లు కత్తిరించేది 3 మి.మీ. చిన్న బిళ్లే. పిసికితే కణజాల నీరు కలిసి రక్తం పలచబడుతుంది.

బల్లపరుపుగా, దేనికీ తగలకుండా 3–4 గంటలు నీడలో ఆరాలి. కళింగపట్నం, భావనపాడు వైపు వానాకాలం గాలి తడిగా ఉంటుంది, ఇంకాస్త సేపు ఉంచండి. తడి కార్డుని ప్లాస్టిక్ కవర్లో పెడితే పాడైనట్టే. ఆరాక తేమ పీల్చే పొట్లంతో పాటు మూసి 24 గంటల్లో పంపండి, శనివారం మధ్యాహ్నం కొరియర్‌కి ఇవ్వొద్దు. కార్డు మీద బరువు, వయసు గంటల్లో, ఏం పాలు, నూనె ఎప్పుడు ఆపారు, రక్తం ఎక్కించారా అన్నవి రాయకపోతే ఆ అంకెని ఎవరూ సరిగ్గా చదవలేరు.

పిల్లల_డాక్టర్:
ఫలితం తేలేదాకా ఇంటికి వద్దు, సీతంపేట వైపు కొండ ఊరైతే అసలు వద్దు. పాలకి, పాలకి మధ్య 3 గంటలు దాటకూడదు, రాత్రయినా లేపి పట్టాలి. వాంతి, మత్తు, పాలు తాగకపోవడం కనిపిస్తే వెంటనే షుగర్ చూడండి. 45 (డెసిలీటరుకి మి.గ్రా.) కన్నా తక్కువైతే 10 శాతం డెక్స్‌ట్రోజ్ కిలోకి 2 మి.లీ., అంటే ఈ పాపకి సుమారు 3.3 మి.లీ., ఆపైన డ్రిప్. మత్తుగా ఉండి షుగర్ బాగున్నా ఊరుకోవద్దు, ఈ జబ్బులో మత్తు ముందే రావచ్చు. తల్లితో ఇలా చెప్పండి: "పాలు బాగా తాగుతోంది కాబట్టే బాగుందమ్మా. ఈ లోపం ఉంటే, కడుపు ఖాళీ అయినప్పుడే బయటపడుద్ది."

సిక్కోలు_స్టాఫ్‌నర్స్:
నూనె ఆపించాం సార్. పాపకి హిమోగ్లోబిన్ తక్కువగా ఉంది, రేపు రక్తం ఎక్కించాలంటున్నారు.

కార్డు_అక్క:
అయితే ఎక్కించక ముందే, ఈరోజే కార్డు తీయండి. దాత రక్తం కలిశాక కనిపించేది పాప రక్తం ఒక్కటే కాదు. నూనె ఆపిన గంట కార్డు మీద మర్చిపోవద్దు.