నూటికి మూడు రూపాయల వడ్డీ తీసుకునే విశ్వాసికి వాక్యం ఏం చెబుతుంది?

కృష్ణా తీరం:

అందరికీ వందనాలు. ఇది మా ఇంట్లో నలుగుతున్న విషయం, అందుకే ఎవరి పేరూ రాయను. పోయిన సంవత్సరం మా బావగారికి గుండె ఆపరేషన్ అయింది. చేతిలో డబ్బు లేక సంఘంలోనే ఒక పెద్దాయన దగ్గర 2 లక్షలు తీసుకున్నారు, ప్రామిసరీ నోటు మీద, నూటికి మూడు రూపాయల వడ్డీ. అంటే నెలకు 6,000. 14 నెలల్లో 84,000 కట్టారు, అసలులో ఒక్క రూపాయి తగ్గలేదు. మొన్న ఆరాధన అయ్యాక అక్క వెళ్లి కాస్త తగ్గించమని అడిగితే ఆయన కోప్పడలేదు, శాంతంగానే అన్నాడట: "బ్యాంకు తీసుకోవడం లేదా అమ్మా, తలాంతుల ఉపమానంలో యజమానే వడ్డీ అడిగాడు కదా" అని. (యజమాని అప్పగించిన డబ్బును ఒక సేవకుడు వాడకుండా పాతిపెట్టిన కథ, యేసు చెప్పింది.) అక్క ఏమీ అనలేక వచ్చేసింది. నాకూ జవాబు తెలియదు. వడ్డీ తీసుకోవడమే తప్పా, ఎక్కువ తీసుకోవడం తప్పా? అధ్యాయం, వచనం చెప్తే నేనే తీసి చదువుకుంటాను.

పాత నిబంధన చదువరి:

వడ్డీ తీసుకోవడమే తప్పు బ్రదర్. నిర్గమకాండం 22:25, లేవీయకాండం 25:35-38, ద్వితీయోపదేశకాండం 23:19. మూడు చోట్ల చెప్పిన మాట ఇది. హీబ్రూలో వడ్డీకి వాడిన మాట నెషెక్, దాని మూలానికి కాటు వేయడం అని అర్థం. పాము కాటుకు కూడా అదే క్రియ. 15వ కీర్తనలో దేవుని గుడారంలో ఉండదగినవాడెవడు అని అడిగి, చెప్పిన లక్షణాల్లో సొమ్ము వడ్డీకి ఇవ్వకపోవడం ఒకటి. యెహెజ్కేలు 18లో దోపిడీ, వ్యభిచారం, విగ్రహారాధన ఉన్న జాబితాలోనే వడ్డీ కూడా ఉంది.

నన్ను ఎక్కువ కదిలించేది నెహెమ్యా 5, యెరూషలేము ప్రాకారం తిరిగి కట్టించిన నాయకుడి గ్రంథం. కరువులో జనం పొలాలు, ద్రాక్షతోటలు, ఇళ్లు తాకట్టు పెట్టి ధాన్యం తెచ్చుకున్నారు, చివరికి కొడుకుల్ని, కూతుళ్లని దాస్యానికి పంపారు. ఎవరి దగ్గరకి? పరాయివాళ్ల దగ్గరకి కాదు, యెరూషలేము ప్రాకారం తమతో కలిసి కడుతున్న సొంత జనంలోని ప్రధానుల దగ్గరకి. నెహెమ్యా వాళ్లని తిరిగి ఇచ్చేయమన్నవాటిలో పొలాలు, ఇళ్లతో పాటు "నూరవ భాగం" కూడా ఉంది (5:11). చాలామంది వ్యాఖ్యాతలు దీన్ని నెలకు నూటికి ఒకటి అని అర్థం చేసుకుంటారు. ఆలోచించండి, మన ఊళ్లలో నూటికి రూపాయి అంటే ధర్మవడ్డీ అంటాం, అలా ఇచ్చేవాడిని దేవుడిలాంటి మనిషి అంటాం. నెహెమ్యా ఆ రూపాయికే సభ పెట్టి అందరి ముందూ నిలదీశాడు. 325లో బిషప్పులు కూడిన నికేయ సభ 17వ నియమంలో కూడా ఇదే వందో వంతు కనిపిస్తుంది, దాన్ని వసూలు చేసే గురువులను పదవి నుంచి తొలగించమన్నారు. మీ బావగారి దగ్గర తీసుకుంటున్నది దానికి మూడింతలు.

చిన్న వ్యాపారి:

వందనాలు. నాది చిన్న హార్డ్‌వేర్ షాపు, అప్పు లేకుండా ఒక్క సీజన్ కూడా గడవదు, కాబట్టి నా వైపు నుంచి కూడా వినండి. చదువరి గారు ద్వితీయోపదేశకాండం 23:19 చెప్పి 20 వదిలేశారు. అన్యుడికి వడ్డీకి ఇవ్వొచ్చు అని అక్కడే ఉంది. వడ్డీ దొంగతనం లాంటి పాపమైతే అన్యుడి దగ్గర మాత్రం ఎలా చెల్లుతుంది? అన్యుడిని దోచుకోవచ్చని ధర్మశాస్త్రం ఎక్కడా అనలేదే. పైగా మొదటి రెండు చోట్లా బీదవాడు అన్న మాట స్పష్టంగా ఉంది. అవి పంట పోయి గింజలు అడిగేవాడి కోసం రాసిన మాటలు, సరుకు తెచ్చి లాభానికి అమ్ముకునే నా లాంటివాడి కోసం కాదు. నా లాభంలో కొంత డబ్బు ఇచ్చినవాడికి వెళ్తే అందులో అన్యాయం ఏముంది? ప్రొటెస్టంట్ సంస్కర్త కాల్విన్ 1545లో రాసిన ఉత్తరంలో ఈ దారిలోనే ఆలోచించాడు, వడ్డీ మొత్తాన్ని లేఖనం నిషేధించలేదన్నాడు. రిటైరైన టీచరమ్మ డిపాజిట్ వేసి ఆ వడ్డీతో మందులు కొనుక్కుంటుంది, ఆవిడని యెహెజ్కేలు జాబితాలో చేరుస్తారా? వడ్డీ లేదంటే ఎవరూ ఇవ్వరు, అప్పుడు ఆపరేషన్ దగ్గర ఇంకా టెన్షన్. అసలు వడ్డీ వ్యాపారం మొదలుపెట్టింది యూదులే కదా, వాళ్ల ధర్మశాస్త్రమే వాళ్లని ఆపలేదు.

హీబ్రూ అక్షరాలు:

చివరి వాక్యం దగ్గర ఆగాలి అన్నా, అది నిజం కాదు, దాని వల్ల చాలా రక్తం పారింది కూడా. యూదుల కంటే వెయ్యేళ్ల ముందు నుంచే బబులోనులో వడ్డీ ఉంది, అక్కడి రాజు హమ్మురాబి శాసనంలో దాని గురించి నియమాలున్నాయి. మధ్యయుగపు యూరప్‌లో యూదుల్ని చాలాచోట్ల భూమి కొననివ్వలేదు, చేతివృత్తుల సంఘాల్లో చేరనివ్వలేదు, రాజులే అప్పులిచ్చే పనిలోకి నెట్టి ఆ రాబడిని పన్నులుగా లాక్కున్నారు. ఇంగ్లండ్‌లో 1275లో ఆ పనినీ నిషేధించి, 1290లో అందర్నీ దేశం నుంచే వెళ్లగొట్టారు. ఆ నింద మనం మోయొద్దు.

ధర్మశాస్త్రం వాళ్లని ఆపలేదు అన్నారు. మిష్నాలో, అంటే పాతకాలపు రబ్బీల (యూదు మతబోధకుల) ధర్మ నియమాల సంకలనంలో, బావా మెజియా అనే భాగం 5వ అధ్యాయం చదవండి. వడ్డీ తీసుకున్నవాడే కాదు, ఇచ్చినవాడు, పూచీ ఉన్నవాడు, సాక్షులు కూడా ఆజ్ఞ మీరినట్టే, పత్రం రాసినవాడు కూడా అని పండితులు చేర్చారు. అప్పు అడగబోయే ముందు పంపే కానుకనీ, తీర్చాక పంపే కానుకనీ కూడా వడ్డీ కిందే లెక్కగట్టారు. మాటల వడ్డీ అని కూడా ఒకటి చెప్పారు. అప్పు తీసుకున్నందుకు ఫలానావాడు ఊళ్లోకి వచ్చాడు అని కబురు చేరవేయడం కూడా దాని కిందకి వస్తుంది! నాకు ఇది చదివినప్పుడు మన ఊళ్లో అప్పులిచ్చినాయన ఇంటి పెళ్లికి వెళ్లి ఊరికే చాకిరీ చేసి వచ్చేవాళ్లు గుర్తొచ్చారు. అప్పు మనిషిని ఎలా వంచుతుందో ఆ రబ్బీలకు బాగా తెలుసు.

అలాగని వ్యాపారి గారి కష్టం వాళ్లకి తెలియదనీ కాదు. ఏడో సంవత్సరంలో అప్పులు రద్దు కావాలని ద్వితీయోపదేశకాండం 15 అంటుంది, ఆ సంవత్సరం దగ్గరపడితే ఎవరూ అప్పు ఇవ్వడం లేదని చూసి హిల్లేల్ అనే యూదు గురువు ప్రొజ్బూల్ అనే పత్రం పెట్టాడు, అప్పుని న్యాయస్థానానికి అప్పగిస్తే అది రద్దు కాదు. తర్వాతి కాలంలో హెతెర్ ఇస్కా అనే ఒప్పంద పత్రం వచ్చింది, దాని ప్రకారం డబ్బు పెట్టినవాడు అప్పిచ్చినవాడిగా కాకుండా వ్యాపారంలో భాగస్వామి అవుతాడు, లాభంతో పాటు నష్టం భయం కూడా కొంత అతనిదే. ఇశ్రాయేలు బ్యాంకులు ఇప్పటికీ ఆ పత్రంతోనే నడుస్తాయి. అది తప్పించుకునే దారి అని విమర్శించే యూదులూ ఉన్నారు. కానీ వైద్యానికి, పెళ్లికి చేతికందని వాళ్ల కోసం గెమాఖ్ అనే వడ్డీ లేని అప్పుల నిధులు వేరే ఉన్నాయి, సమాజమే నడుపుతుంది. దుకాణం అప్పు వేరు, ఆసుపత్రి అప్పు వేరు అని వాళ్లు విడదీశారు. మన సంఘాల్లో రెండింటికీ ఒకే ప్రామిసరీ నోటు.

పాత నిబంధన చదువరి:

తలాంతుల సంగతి మిగిలిపోయింది. మత్తయి 25:27లో యజమాని ఆ మాట అనే ముందు సేవకుడు ఏమన్నాడో చూడండి, నువ్వు విత్తని చోట కోసేవాడివి, కఠినుడివి అన్నాడు. అలా అనుకున్నవాడివైతే కనీసం సాహుకారుల దగ్గరైనా వేయాల్సింది కదా అని యజమాని అతని మాటతోనే అతన్ని పట్టుకున్నాడు. అది సోమరిపోతుకు చెప్పిన జవాబు. దాన్ని తెచ్చి ఆపరేషన్ అప్పు మీద వడ్డీకి ఆజ్ఞగా వాడటం చూస్తే నాకు బాధగా ఉంది. అప్పు గురించి యేసు నేరుగా చెప్పింది లూకా 6:35లో ఉంది, తిరిగి ఏమీ ఆశించకుండా ఇవ్వమని.

టీచరమ్మ విషయంలో వ్యాపారి గారు చెప్పింది ఒప్పుకుంటాను, ఆవిడ ఎవరినీ కాటు వేయడం లేదు. కానీ కాల్విన్ ఉత్తరం పూర్తిగా చెప్పలేదు మీరు. బీదవాడి దగ్గర వడ్డీ తీసుకోకూడదని ఆయనే షరతు పెట్టాడు, వడ్డీనే వృత్తిగా పెట్టుకున్నవాడిని ఆయన కూడా సహించలేదు.

ఇంకొకటి. ద్వితీయోపదేశకాండం 24:10-11 ప్రకారం తాకట్టు వస్తువు కోసం అప్పిచ్చినవాడు ఇంట్లో అడుగు పెట్టకూడదు, బయటే నిలబడాలి. తిరుగలిని తాకట్టు పట్టకూడదు (24:6), అది ఆ ఇంటి తిండి. 2010 అక్టోబరులో మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మైక్రోఫైనాన్స్ మీద ఆర్డినెన్స్ తెచ్చినప్పుడు, వసూళ్లు ఇళ్ల దగ్గర కాదు, పంచాయతీ ఆఫీసులోనో బహిరంగ స్థలంలోనో జరగాలని పెట్టింది. అప్పుపడ్డ ఇంటి గడపకు గౌరవం ఉండాలని ద్వితీయోపదేశకాండంలో ఎప్పుడో రాసిన మాటే అది. ప్రభుత్వానికి తోచింది మన సంఘ పెద్దలకు తోచకపోతే ఎలా?

చిన్న వ్యాపారి:

యూదుల గురించి అన్నది వెనక్కి తీసుకుంటున్నాను, తెలియక రాశాను. షాపు అప్పు మీద వడ్డీ పాపం కాదనే ఇప్పటికీ నా నమ్మకం, అక్కడ మాత్రం చదువరి గారితో కలవలేను, యెహెజ్కేలు మాట వ్యాపారానికి కూడా వర్తిస్తుందని ఆయన ఎలా తేలుస్తారో చెప్పాలి. కానీ కృష్ణా తీరం గారూ, మీ బావగారిది వ్యాపారం కాదు. ఆ 2 లక్షలు లాభం పుట్టించలేదు, ప్రాణం నిలిపాయి. దాని మీద పంచుకోవడానికి లాభమే లేదు. ఇది నా వాదన ప్రకారం కూడా తప్పే.

కృష్ణా తీరం:

మీ అందరికీ వందనాలు, చెప్పినవన్నీ తీసి చదివాను. నెహెమ్యా 5:10 దగ్గర ఆగిపోయాను. నేనూ నా బంధువులూ కూడా అప్పులిచ్చాం, ఇది మానేద్దాం అంటాడు. ముందు తనని కలుపుకున్నాడు. నేను కూడా మూడేళ్ల కింద మా పిన్ని కొడుకుకి నూటికి రెండు చొప్పున 50,000 ఇచ్చాను, వాడి కాలేజీ ఫీజు కోసం. ఇప్పటిదాకా అది తప్పని అనుకోలేదు. రేపు వాడికి ఫోన్ చేసి ఇంతవరకు కట్టిన వడ్డీ అంతా అసలులో జమ చేస్తున్నానని చెప్తాను. ఆ తర్వాత అక్కని తీసుకుని పెద్దాయన ఇంటికి వెళ్తాను, 84,000 అసలులో వేసుకుని మిగిలిన 1,16,000 వాయిదాల్లో తీసుకోమని అడుగుతాను. ఏమన్నాడో ఇక్కడే రాస్తాను.