షట్‌డౌన్ సవ్యంగా అయిందో లేదో పరీక్షించేదెలా? (డెబియన్ 12, సిస్టమ్‌డీ)

లినక్స్_కాకినాడ:
నమస్కారమండీ. కాలేజీ ల్యాబ్ కోసం డెబియన్ 12 లినక్స్‌తో డిస్క్ ఇమేజ్ (అన్ని మెషీన్లలోకీ కాపీ చేసే డిస్క్ నకలు) తయారుచేస్తున్నాం. రూట్ (ప్రధాన) ఫైల్‌సిస్టమ్ ఈఎక్స్‌టీ4 రకం. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, దాంట్లోకి రాసే మా పైథాన్ సర్వీస్, నెట్‌వర్క్ మీద పంచుకునే ఒక ఎన్‌ఎఫ్‌ఎస్ ఫోల్డర్ (షేర్) ఉన్నాయి. పవర్ ఆఫ్ కొడితే మామూలుగా కొద్ది సెకన్లలో ఆగిపోతుంది. అప్పుడప్పుడు మాత్రం "ఎ స్టాప్ జాబ్ ఈజ్ రన్నింగ్" అని చూపిస్తూ ఒకటిన్నర నిమిషం కదలదు. ఎలాగూ ఆగుతోంది కదా అని వదిలెయ్యలేను, డేటా పోతే పిల్లల మార్కులు పోతాయి. ఇమేజ్ పంచే ముందు దానంతటదే నడిచి పాసో ఫెయిలో చెప్పే పరీక్ష కావాలి. ఏమేం చూడాలి?

రూట్‌షెల్:
తెర నల్లబడిందంటే కరెంటు ఆగిందనే అర్థం, అంతకుమించి ఏమీ రుజువు కాదు. ఆ ఒకటిన్నర నిమిషం సిస్టమ్‌డీ (సర్వీసుల్ని మొదలుపెట్టి ఆపే ప్రోగ్రామ్) డిఫాల్ట్ గడువు, 90 సెకన్లు. ముందు సిగ్‌టర్మ్ (ఆగమని అడిగే సంకేతం) పంపుతుంది, గడువు దాటితే సిగ్‌కిల్ (బలవంతంగా చంపే సంకేతం) కొడుతుంది. ఆ తర్వాత అన్‌మౌంట్ (డిస్క్‌ని వాడకం నుంచి విడదీయడం), పవర్ ఆఫ్ అన్నీ పద్ధతిగానే జరుగుతాయి. అందుకే ఫైల్‌సిస్టమ్ శుభ్రంగా కనిపిస్తూనే మీ సర్వీస్ రాస్తున్న పని సగంలో తెగిపోయి ఉండొచ్చు. ఈ రెండూ వేరువేరు పరీక్షలు, ఒకటి పాసైందని రెండోది వదలకండి.

సర్వీసుల సంగతి తర్వాతి బూట్‌లో తెలుస్తుంది. సిస్టమ్‌డీ లాగ్‌ని (జర్నల్) చూపే జర్నల్‌సీటీఎల్‌కి "-బీ -1" ఇస్తే గత బూట్ లాగ్ వస్తుంది. చివరి వరుస "జర్నల్ స్టాప్డ్" అయ్యుండాలి. మధ్యలో "స్టేట్ స్టాప్-సిగ్‌టర్మ్ టైమ్డ్ అవుట్. కిల్లింగ్" అని గానీ, "కిల్లింగ్ ప్రాసెస్ ... విత్ సిగ్నల్ సిగ్‌కిల్" అని గానీ ఒక్క వరుస ఉన్నా ఫెయిల్ చెయ్యండి. రెండూ వెతకాలి, ఎందుకంటే గడువు దాటకుండానే సిగ్‌కిల్ పడే సందర్భాలున్నాయి. కొత్త బూట్ మొదట్లో జర్నల్ ఫైల్ "కరప్టెడ్ ఆర్ అన్‌క్లీన్‌లీ షట్ డౌన్" అని వస్తే అదీ ఫెయిలే. ఇవన్నీ దొరకాలంటే లాగ్ డిస్క్ మీద ఉండాలి. /వార్/లాగ్/జర్నల్ డైరెక్టరీ ఉందో లేదో ముందే చూసుకోండి. ఇమేజ్ సైజు తగ్గించడానికి దాన్ని తీసేస్తుంటారు, అప్పుడు లాగ్ /రన్ కింద మెమరీలోనే ఉండి కరెంటుతోపాటే పోతుంది.

జర్నల్ ఆగాక జరిగే అన్‌మౌంట్ దశ జర్నల్‌లో ఉండదు. దానికి సీరియల్ కన్సోల్ (సందేశాల్ని సీరియల్ పోర్ట్ ద్వారా బయటికి పంపే ఏర్పాటు) పెట్టండి: కెర్నల్ లైన్ చివర "కన్సోల్=టీటీవైఎస్0,115200". చివర రాసిన కన్సోలే అసలు కన్సోల్ అవుతుంది, కాబట్టి వరుస ముఖ్యం. "రూట్ రీడ్-ఓన్లీగా రీమౌంట్ చేస్తున్నా" అనే సందేశం కనబడితే కంగారుపడకండి. డెబియన్ మామూలు ఏర్పాటులో రూట్‌ని పూర్తిగా అన్‌మౌంట్ చెయ్యదు, రీడ్-ఓన్లీ చేసి వదులుతుంది. ఈఎక్స్‌టీ4కి అది చాలు.

వేలాడుతున్నప్పుడే పట్టుకోవాలంటే డీబగ్-షెల్ సర్వీస్‌ని ఎనేబుల్ చేసి, కంట్రోల్+ఆల్ట్+ఎఫ్9 నొక్కి, "సిస్టమ్‌సీటీఎల్ లిస్ట్-జాబ్స్" కొట్టండి. ఏ యూనిట్ (సిస్టమ్‌డీ నడిపే సర్వీస్ లేదా మౌంట్) కోసం ఆగిందో చెబుతుంది. ఆ డీబగ్-షెల్ పాస్‌వర్డ్ అడగని రూట్ షెల్. పంచే ఇమేజ్‌లో పొరపాటున కూడా ఉండకూడదు.

బ్లాక్‌డివైస్:
ఫైల్‌సిస్టమ్ పరీక్షలో చాలామంది బోల్తా పడే చోటు ఒకటుంది. డంప్‌ఈ2ఎఫ్‌ఎస్‌కి "-హెచ్" ఇస్తే వచ్చే "ఫైల్‌సిస్టమ్ స్టేట్: క్లీన్" అన్న వరుసని నమ్మకండి. జర్నల్ (ఇది సిస్టమ్‌డీ లాగ్ కాదు, మార్పుల్ని ఫైల్‌సిస్టమ్ ముందుగా రాసుకునే చోటు) ఉన్న ఈఎక్స్‌టీ4 మౌంటయి ఉన్నప్పుడు కరెంటు పీకేసినా అక్కడ క్లీన్ అనే ఉంటుంది. చూడాల్సింది ఫీచర్స్ వరుసలో "నీడ్స్_రికవరీ" అన్న మాట. మౌంట్ చేస్తే అది వచ్చి చేరుతుంది, సరిగ్గా అన్‌మౌంట్ అయినా రీడ్-ఓన్లీ అయినా పోతుంది. మెషీన్ ఆగాక బయటి నుంచి, అంటే వీఎం (వర్చువల్ మెషీన్) ఇమేజ్ మీదో లైవ్ పెన్‌డ్రైవ్ నుంచో చూస్తే, ఆ మాట ఉండకూడదు.

తర్వాతి బూట్ కెర్నల్ లాగ్‌లో "రికవరీ కంప్లీట్" కోసం వెతకడం కూడా సరిపోదు. డెబియన్‌లో రూట్ మౌంట్ కాకముందే ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌లో (బూట్ మొదట్లో మెమరీలో నడిచే చిన్న వ్యవస్థ) ఎఫ్‌ఎస్‌సీకే (ఫైల్‌సిస్టమ్ తనిఖీ ప్రోగ్రామ్) నడిచి ఈఎక్స్‌టీ4 జర్నల్‌ని అదే సరిచేసేస్తుంది, కెర్నల్‌కి చెప్పడానికేమీ మిగలదు. ఆ సంగతి /రన్/ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్/ఎఫ్‌ఎస్‌సీకే.లాగ్‌లో ఉంటుంది. "క్లీన్" అని ఫైళ్ల లెక్క ఇస్తే మంచిది, "రికవరింగ్ జర్నల్" అంటే గత షట్‌డౌన్ సవ్యంగా కాలేదు. ఈఎఫ్‌ఐ బూట్ పార్టిషన్ ఉంటే అది ఫ్యాట్ రకం కాబట్టి దాని గురించి "నాట్ ప్రాపర్లీ అన్‌మౌంటెడ్" కూడా వెతకండి.

అసలు మెషీన్‌లో ఎన్‌వీఎంఈ డిస్క్ (ఒక రకం ఎస్‌ఎస్‌డీ) ఉంటే డిస్క్ తన ఆరోగ్యం గురించి రాసుకునే స్మార్ట్ లాగ్‌లో "అన్‌సేఫ్ షట్‌డౌన్స్" లెక్క చూడండి. డిస్క్‌కి ముందుగా చెప్పకుండా కరెంటు పోతే ఆ అంకె పెరుగుతుంది. రీబూట్‌తో ఇది తేలదు, డిస్క్‌కి కరెంటు ఆగదు కాబట్టి. "ఆర్‌టీసీవేక్ -ఎం ఆఫ్ -ఎస్ 180" అంటే పూర్తిగా ఆగి 3 నిమిషాలకు తనే లేస్తుంది. రాత్రంతా అలా తిప్పి, పొద్దున అంకె మారలేదని చూసుకోండి.

డీబీఏ_వరంగల్:
పోస్ట్‌గ్రెస్‌కి సిగ్‌టర్మ్ వెళ్తే "స్మార్ట్" షట్‌డౌన్. ఉన్న కనెక్షన్లన్నీ వాటంతటవి తెగేదాకా ఎదురుచూస్తుంది. సిగ్‌ఇంట్ అయితే "ఫాస్ట్", కనెక్షన్లు తనే తెంచి, జరుగుతున్న ట్రాన్సాక్షన్లు రోల్‌బ్యాక్ (వెనక్కి తిప్పడం) చేసి, చెక్‌పాయింట్ రాసి (మెమరీలోని మార్పులన్నీ డిస్క్‌కి చేర్చి) ఆగుతుంది. డెబియన్ ప్యాకేజీ యూనిట్ ఫాస్ట్ పద్ధతే వాడుతుంది. మీరు సొంతంగా యూనిట్ రాసుకుని ఉంటే "కిల్‌సిగ్నల్=సిగ్‌ఇంట్" పెట్టండి. రుజువు దాని లాగ్‌లోనే: మళ్లీ లేచినప్పుడు "డేటాబేస్ సిస్టమ్ వాజ్ షట్ డౌన్ ఎట్" అని సమయం చెప్పాలి. "వాజ్ నాట్ ప్రాపర్లీ షట్ డౌన్" అంటే ఫెయిల్.

నా అనుమానం మీ పైథాన్ సర్వీస్ మీద. యూనిట్‌లో "ఆఫ్టర్=పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్.సర్వీస్" ఉందా? ఆపే వరుస మొదలుపెట్టిన వరుసకి సరిగ్గా తిరగేసి ఉంటుంది. ఆ "ఆఫ్టర్" లైన్ రాయకుండా "వాంట్స్" (అదీ కావాలి అని మాత్రమే చెప్పేది) ఒక్కటే పెడితే రెండూ ఒకేసారి ఆగుతాయి, చివరి రికార్డు రాయబోయేసరికి డేటాబేస్ ఉండదు. ఇంకోటి, సిగ్‌టర్మ్ అందుకునే కోడ్ (హ్యాండ్లర్) "ఇక ఆగాలి" అని జెండా ఎత్తినంత మాత్రాన పని అవదు. వర్కర్ థ్రెడ్ గడువు లేని సాకెట్ రీడ్‌లో కూర్చుని ఉంటే ఆ జెండాని చూడనే చూడదు. సాకెట్‌కి 2, 3 సెకన్ల టైమ్‌అవుట్ పెట్టండి.

షెల్ స్క్రిప్ట్ ద్వారా మొదలుపెడుతుంటే చివరి వరుసలో "ఎగ్జెక్" (షెల్ స్థానంలోకి పైథాన్‌నే తెచ్చేది) తప్పనిసరి. అది లేకుండా యూనిట్‌లో "కిల్‌మోడ్=మిక్స్‌డ్" ఉంటే సిగ్‌టర్మ్ షెల్‌కే వెళ్తుంది, షెల్ వెంటనే పోతుంది, పైథాన్‌కి నేరుగా సిగ్‌కిల్ పడుతుంది. ఆలస్యమేమీ ఉండదు కాబట్టి బయటికి చాలా చక్కగా ఆగినట్టే ఉంటుంది. రూట్‌షెల్ గారు రెండో వరుస కూడా వెతకమన్నది ఇందుకే.

రూట్‌షెల్:
ఇక ఆటోమేషన్. వీఎంని బయటి నుంచి నడిపే వర్ష్ కమాండ్‌తో "వర్ష్ స్టార్ట్", వీఎం లోపల "సిస్టమ్‌సీటీఎల్ ఈజ్-సిస్టమ్-రన్నింగ్ --వెయిట్" తో బూట్ పూర్తయ్యేదాకా ఆగడం, పోస్ట్‌గ్రెస్‌తో వచ్చే పీజీబెంచ్‌తో డేటాబేస్ మీద భారం వెయ్యడం, అది నడుస్తుండగానే "వర్ష్ షట్‌డౌన్". ఖాళీగా ఉన్న మెషీన్ దాదాపు ఎప్పుడూ సవ్యంగానే ఆగుతుంది, దాన్ని పరీక్షించి లాభం లేదు. "వర్ష్ డామ్‌స్టేట్ --రీజన్" అడిగితే "షట్ ఆఫ్ (షట్‌డౌన్)" అని రావాలి. తర్వాత ఇమేజ్ మీద నీడ్స్_రికవరీ చూసి, మళ్లీ లేపి లాగులు వెతకాలి. కొన్ని సార్లు బూట్ మధ్యలోనే ఆపమనండి, వరుస తప్పులు ఎక్కువగా అక్కడే బయటపడతాయి. గ్నోమ్ డెస్క్‌టాప్ ఉంటే పవర్ బటన్ సంకేతానికి తెర మీద ప్రశ్న వేసి కూర్చోవచ్చు, అప్పుడు "--మోడ్ ఏజెంట్" (వీఎం లోపల నడిచే సహాయక ప్రోగ్రామ్ ద్వారా ఆపడం) వాడండి.

ముందు పరీక్షనే పరీక్షించండి. సిగ్‌టర్మ్‌ని పట్టించుకోని ఒక ఉత్తుత్తి సర్వీస్ పెట్టి ఒకసారి, "వర్ష్ డెస్ట్రాయ్" (కరెంటు పీకేసినట్టు ఆపడం) తో ఇంకోసారి. రెండుసార్లూ ఫెయిల్ అని రాకపోతే మీ స్క్రిప్ట్ ఇచ్చే పాస్‌కి విలువ లేదు.

లినక్స్_కాకినాడ:
లిస్ట్-జాబ్స్‌లో మా పైథాన్ యూనిట్ ఒకసారి, ఎన్‌ఎఫ్‌ఎస్ మౌంట్ ఒకసారి దొరికాయండీ. సాకెట్ టైమ్‌అవుట్ పెడుతున్నాను. గడువుని 90 నుంచి 10 సెకన్లకు తగ్గిస్తే ఎన్‌ఎఫ్‌ఎస్‌ది కూడా తీరుతుందా?

బ్లాక్‌డివైస్:
గడువు తగ్గిస్తే సిగ్‌కిల్ తొందరగా పడుతుంది, అంతే. పోస్ట్‌గ్రెస్ చెక్‌పాయింట్‌కి నెమ్మది హార్డ్ డిస్క్ మీద 10 సెకన్లు చాలకపోవచ్చు, మొత్తానికి కలిపి అసలు తగ్గించకండి. ఎన్‌ఎఫ్‌ఎస్‌కి రెండు చూడండి: సర్వర్‌ని క్లయింట్ల కంటే ముందే ఆపేస్తున్నారా, వైఫై కనెక్షన్ ఒక్క యూజర్‌కే కట్టి ఉందా. రెండోదైతే లాగౌట్ కాగానే నెట్‌వర్క్ పోతుంది, అన్‌మౌంట్ జవాబు రాని సర్వర్ కోసం ఎదురుచూస్తుంది. నెట్‌వర్క్‌మేనేజర్‌లో దాన్ని యూజర్లందరికీ వర్తించేలా మార్చండి. ఎఫ్‌స్టాబ్‌లో (మౌంట్‌ల జాబితా ఫైల్) "ఎక్స్-సిస్టమ్‌డీ.ఆటోమౌంట్" తోపాటు ఐడిల్ టైమ్‌అవుట్ 60 సెకన్లు పెడితే వాడనప్పుడు షేర్ దానంతటదే దిగిపోతుంది, షట్‌డౌన్ వేళకు చాలాసార్లు మౌంటయి ఉండదు.