ఈ ఫిరంగికి అటూ ఇటూ కొమ్ములెందుకు?

మారతహళ్లి_తెలుగు:
అందరికీ నమస్కారం. మా పెద్దమామయ్య 1971 యుద్ధంలో మీడియం రెజిమెంట్‌లో (మధ్యస్థాయి ఫిరంగుల దళంలో) పనిచేశారు, ఇప్పుడు బెంగళూరులో మా ఇంట్లోనే ఉంటున్నారు. ఆయన పాత ఫోటో స్కాన్ చేయిద్దామని బయటికి తీస్తే వెనకాల పెద్ద ఫిరంగి కనిపించింది, గొట్టానికి రెండు పక్కలా నిటారుగా కొమ్ముల్లాంటివి ఉన్నాయి. అడిగితే "ఫైవ్ పాయింట్ ఫైవ్" అన్నారంతే, వినికిడి బాగా తగ్గింది కాబట్టి గుచ్చి గుచ్చి అడగలేకపోతున్నాను. ఆ కొమ్ములు దేనికి? రెండో ప్రపంచ యుద్ధం నాటి ఫిరంగిని 1971 దాకా ఎందుకు వాడారు?

జయనగర్_వాసి:
బ్రిటిష్ వాళ్ల 5.5 అంగుళాల మీడియం గన్ అండి అది, ఆ కొమ్ములు చూస్తే ఇట్టే పోల్చుకోవచ్చు. దూరం కొట్టాలంటే గొట్టాన్ని 45 డిగ్రీల దాకా పైకెత్తాలి, పేలగానే అది వెనక్కి తన్నుతుంది కదా, అప్పుడు వెనక భాగం నేలకు తగలకూడదని గొట్టం తిరిగే ఇరుసును బాగా వెనక్కి జరిపారు. దాంతో బరువంతా ముందుకే పడుతుంది. ఆ బరువును మోయడానికే కొమ్ముల్లో బలమైన స్ప్రింగులు పెట్టారు, అందుకే అంత గొట్టాన్ని ఒక్క మనిషి చక్రం తిప్పి లేపగలడు. మొత్తం ఫిరంగి 6 టన్నుల దాకా ఉంటుంది! 1942లో ఉత్తర ఆఫ్రికా ఎడారిలో రంగంలోకి దిగింది. 4.5 అంగుళాల గన్ కూడా ఇదే బండి మీద వచ్చింది, కానీ దాని గుండు 25 కిలోలే.

హోసూరు_రోడ్డు:
గుండు సంగతి నేను చెప్తాను, నాకు ఇష్టమైన భాగం అదే. మొదట్లో వచ్చిన గుండు 100 పౌండ్లు, అంటే 45 కిలోలు, దాదాపు 14.8 కిలోమీటర్లు వెళ్లేది. తర్వాత 80 పౌండ్ల రకం తెచ్చి దూరాన్ని 16.5 కిలోమీటర్లకు పెంచారు. ఇందులో ఇత్తడి తొడుగు ఉండదు. ముందు గుండును లోపలికి పెట్టి పొడవాటి కర్రతో గట్టిగా దట్టిస్తారు, గుండు చుట్టూ ఉన్న రాగి పట్టీ గొట్టంలోని గాడులను పట్టుకోవాలి, పట్టుకోకపోతే గొట్టం పైకెత్తగానే వెనక్కి జారిపోవచ్చు. ఆ తర్వాతే గుడ్డ సంచుల్లోని తుపాకీ మందు పెట్టి, వెనక మూత తిప్పి బిగిస్తారు. ఎంత దూరం కొట్టాలో దాన్నిబట్టి మందు ఎక్కువ తక్కువలు చేస్తారు. యుద్ధం మధ్యలో, చీకట్లో, ఇదంతా వరస తప్పకుండా చేసినవాళ్లంటే నాకు చాలా గౌరవం.

మారతహళ్లి_తెలుగు:
ఇద్దరికీ థాంక్స్ అండి. మామయ్య పక్కన ఒకాయన చేతిలో పొడవాటి కర్ర ఉంది, ఏంటా అనుకున్నాను!

జయనగర్_వాసి:
దట్టించే కర్రే అయ్యుంటుంది. 1971 ప్రశ్నకు నా జవాబు ఇది: అప్పట్లో మన దగ్గర 25 పౌండర్లు అనే చిన్న ఫిరంగులు కూడా ఉన్నాయి, వాటి గుండు 11 కిలోలే, బంకర్ల మీద అది చాలదు. 27 కిలోమీటర్లు కొట్టే రష్యా 130 ఎం.ఎం. గన్లు వచ్చినా, పాతవాటిని వెంటనే తీసేసేంత తీరిక ఏ సైన్యానికీ ఉండదు. 1965లోనూ ఈ 5.5 గన్లు పనిచేశాయి. ఫోటో వెనక రెజిమెంట్ నంబరు రాసి ఉందేమో చూడండి, ఉంటే ఇక్కడ పెట్టండి, తూర్పు వైపు పోరాడిందా పడమర వైపా అన్నది దాన్నిబట్టి వెతకొచ్చు.