కథలు మార్చుకుని చదివేటప్పుడు లెక్క ఎలా?

ప్రశ్న (మారతహళ్లి): మా బెంగళూరు తెలుగు కథల గ్రూపులో ఒకరు 6,000 పదాల కథ పంపి, నా 1,500 పదాల కథకి "బాగుందండీ" అని సరిపెడుతున్నారు. ఏం చెయ్యాలి?

జవాబు: కథకి కథ కాదండీ, పదాల లెక్కన మార్చుకోండి. వాళ్లది 1,500 చొప్పున నాలుగు భాగాలు చెయ్యండి. మొదటిదానికి మీ అభిప్రాయం పంపాక, వాళ్లు మీది చదివి రాస్తేనే రెండోది తెరవండి.

జవాబు: లెక్కొక్కటే పెడితే అచ్చుతప్పులు ఏరి చేతులు దులుపుకుంటారు. కథతోపాటు రెండు ప్రశ్నలు పంపండి: ఎక్కడ విసుగొచ్చింది? ఎవరి మాట అతకలేదు? జవాబులో ఏ పేరానో చూపించాలి. అన్నట్టు, గూగుల్ డాక్స్‌లో కామెంట్ అనుమతి చాలు. ఎడిట్ ఇచ్చారా, మీ వాక్యాలు వాళ్ల వాక్యాలైపోతాయి.

జవాబు: యాసలో రాస్తే ముందే చెప్పండి. లేకపోతే సీమ మాటల్ని తప్పులనుకుని దిద్దేస్తారు.