బ్యాంక్ ఆఫ్ అమెరికా డైల్యూటెడ్ ఈపీఎస్‌లో సిరీస్ ఎల్ షేర్లు ఎందుకు కలపలేదు?

సీఎంఏ_కష్టాలు:
పరీక్షకి ప్రాక్టీసు అవుతుందని బ్యాంక్ ఆఫ్ అమెరికా 2023 వార్షిక నివేదికలో ఈపీఎస్ (ఒక్కో షేరుకి వచ్చే లాభం) నోట్ ముందేసుకుని కూర్చున్నా. బేసిక్, అంటే ఇప్పుడున్న షేర్లతో వేసింది, 3.10 డాలర్లు; డైల్యూటెడ్, అంటే మున్ముందు షేర్లుగా మారగలిగేవి కూడా కలిపి వేసింది, 3.08. అంతవరకు బానే ఉంది. కానీ వాళ్ల సిరీస్ ఎల్ ప్రిఫర్డ్ షేరు (కామన్ షేర్ల కంటే ముందు స్థిరమైన డివిడెండ్ దక్కే రకం) ఒక్కోదాన్ని 20 కామన్ షేర్లుగా మార్చుకోవచ్చు కదా, అన్నీ కలిపితే దాదాపు 6.2 కోట్ల షేర్లు, వాటిని డైల్యూటెడ్‌లో కలపలేదని రాశారు. మార్చుకునే ధర 50 డాలర్లు, ఆ ఏడాది షేరేమో 30 చుట్టుపక్కల తిరిగింది. అందుకేనా? మా సార్ ‘అంతేలే’ అన్నారు గానీ నాకు నమ్మకం కుదరలేదు.

లెడ్జర్ బాబాయ్:
ధరకీ దీనికీ సంబంధం లేదు తమ్ముడూ. ధర చూసేది ఆప్షన్లకి, వారంట్లకి (ముందే అనుకున్న ధరకి షేర్లు కొనుక్కునే హక్కులు). కన్వర్టబుల్ ప్రిఫర్డ్‌కి ఇఫ్-కన్వర్టెడ్ పద్ధతి, అంటే ఎవరైనా నిజంగా మార్చుకుంటారా లేదా అని చూడరు, ఏడాది మొదట్లోనే మార్చేశారనుకుని లెక్క వేస్తారు. అప్పుడు భాగహారంలో కింద షేర్లు పెరుగుతాయి, పైన ఆ ప్రిఫర్డ్‌కి ఇవ్వాల్సిన డివిడెండ్ మిగిలిపోతుంది. సిరీస్ ఎల్ 1000 డాలర్లది, 7.25 శాతం, ఏడాదికి 72.50. దాన్ని 20తో భాగిస్తే 3.625. కొత్తగా వచ్చే ఒక్కో షేరు 3.62 డాలర్ల లాభాన్ని వెంటేసుకొస్తుంటే ఉన్న 3.08 ఎలా తగ్గుతుంది? పెరుగుతుంది, అందుకే యాంటీ-డైల్యూటివ్ అని పక్కన పెట్టారు.

నమ్మకం లేకపోతే వేసి చూడు. కామన్ వాటాదారులకి మిగిలింది 2,486.6 కోట్ల డాలర్లు, డైల్యూటెడ్ షేర్లు 808 కోట్లు. పైన సుమారు 22.3 కోట్ల డివిడెండ్, కింద 6.16 కోట్ల షేర్లు కలిపితే 3.077 కాస్తా 3.081 అవుతుంది. తేడా చిన్నదే, కానీ రూల్ రూలే.

సీఎంఏ_కష్టాలు:
ఇప్పుడు అర్థమైంది అన్నా. మరి ఆ 50 డాలర్లు ఎందుకు పనికొస్తుంది? 3.10 నుంచి 3.08కి తగ్గించింది ఎవరు?

లెడ్జర్ బాబాయ్:
తగ్గించింది ఎక్కువగా ఉద్యోగుల ఆర్‌ఎస్‌యూలు (జీతంలో భాగంగా ఇస్తామని మాటిచ్చిన షేర్లు), 5 కోట్ల షేర్ల పైచిలుకు. ధర సంగతి బ్యాంకుకి కావాలి: షేరు 50కి 130 శాతం, అంటే 65 దాటి కొన్నాళ్లు నిలిస్తే వాళ్లే బలవంతంగా మార్చేయొచ్చు.

త్రైమాసికం:
బఫెట్ డీల్ కూడా చూడండి, అది ఇంకా మజాగా ఉంటుంది. 2011లో బఫెట్ కంపెనీ బెర్క్‌షైర్ ఇదే బ్యాంకులో 500 కోట్ల డాలర్లు పెట్టి 6 శాతం ప్రిఫర్డ్ తీసుకుంది, దాంతోపాటు 70 కోట్ల షేర్లకి వారంట్లు. ఆ ప్రిఫర్డ్‌నే అప్పజెప్పి షేర్లు తీసుకోవచ్చు కాబట్టి ఇక్కడా ఇఫ్-కన్వర్టెడ్ లెక్కే. 30 కోట్ల డివిడెండ్‌ని 70 కోట్లతో భాగిస్తే 43 సెంట్లు. 2014లో ఈపీఎస్ 36 సెంట్లే, సో బయట. 2016లో లోపలే ఉండి బేసిక్ 1.58ని డైల్యూటెడ్ 1.50కి దించేసింది. 2017లో బెర్క్‌షైర్ నిజంగానే మార్చుకుంది, అప్పట్నుంచి ఆ షేర్లు బేసిక్‌లోనే.

ఇంకోటి, ఈ పరీక్ష మూడు నెలల లెక్కకి విడిగా పెట్టాలి. సిరీస్ ఎల్‌కి త్రైమాసికానికి గీత (ఈపీఎస్ ఇది దాటితేనే కలుపుతారు) 3.625లో నాలుగో వంతు, 90.6 సెంట్లు. 2021 రెండో త్రైమాసికంలో డైల్యూటెడ్ 1.03 వచ్చింది, కాబట్టి అక్కడ కలిపారు. ఏడాది మొత్తానికి 3.57, మళ్లీ బయట. నాలుగు త్రైమాసికాల షేర్ల సగటు తీసి ఏడాది అంకెతో పోల్చి ‘ఎక్కడో తప్పుంది’ అని తల పట్టుకోకండి.