ఎమ్మెస్సీ ప్రాక్టికల్ రికార్డు: వయసు లెక్క, పరీక్షలు, క్లినికల్ దారి

హెచ్‌డీ_రెండోసెం: హ్యూమన్ డెవలప్‌మెంట్ రికార్డులో ప్రీస్కూల్ పిల్లల ఆటల పరిశీలన, కన్సర్వేషన్ టాస్క్ (ఆకారం మారినా పరిమాణం మారదని పిల్లలకి తెలుసో లేదో చూసేది), ఒక ప్రజ్ఞా పరీక్ష ఉండాలన్నారు. పుట్టిన తేదీ 25-8-2020, పరీక్ష 12-3-2025. వయసు 4-6 (నాలుగేళ్ల ఆరు నెలలు) రాయాలా, 4-7 రాయాలా? ప్రజ్ఞా పరీక్షగా సెగ్విన్ బోర్డు (చెక్క ఆకారాలని వాటి గుంటల్లో పెట్టించే పరీక్ష) ఒక్కటి సరిపోతుందా? ఈ డిగ్రీతో క్లినికల్ వైపు వెళ్లొచ్చా?

వీణాధరి: 4-7. ఒక నెల అప్పు తెస్తే 30 రోజులు. 42లోంచి 25 పోతే 17 రోజులు, మిగిలిన 2 నెలలకి ఏడాది అప్పు తెస్తే 14, అందులోంచి 8 పోతే 6 నెలలు, 4 ఏళ్లు. 15 రోజులు దాటితే పై నెలే.

కొలబద్ద: అన్నిటికీ పై నెల అనకండి. వెక్స్‌లర్ ప్రజ్ఞా పరీక్షల్లో మిగిలిన రోజులు వదిలేస్తారు, పైకి జరపరు. మానసిక వయసుని అసలు వయసుతో భాగించి వందతో గుణించే పరీక్షల్లో, మానసిక వయసు 45 నెలలైతే 54 (4-6) తో భాగించినప్పుడు ఐక్యూ 83, 55 (4-7) తో భాగిస్తే 82. పిల్లాడు 70 దగ్గర ఉంటే ఆ ఒక్క అంకెకే రిపోర్టు మారిపోతుంది.

వీణాధరి: వెక్స్‌లర్‌లో మానసిక వయసుని భాగించే పనే లేదు, అది డీవియేషన్ స్కోరు, అదే వయసు పిల్లల సగటుకి ఎంత దూరమో చెప్పేది. రెండిటినీ కలిపి ప్రశ్న అడిగిన అమ్మాయిని ఎందుకు కంగారు పెడతారు?

కొలబద్ద: మాన్యువల్ తెరవకుండా నోటిలెక్కలు చెప్తే కోపం రాదా అండీ? ఏ పరీక్షకి దాని మాన్యువలే. ఏ నియమం వాడారో రికార్డులో ఒక లైను రాయాలి. పసిపిల్లల స్కేళ్లకి వస్తే, 32 వారాలకే పుట్టిన బిడ్డకి వయసులోంచి 8 వారాలు (40కి తక్కువైనవి) తగ్గించి లెక్కేయాలి, రెండేళ్లు నిండేదాకా. అది రాయనివాళ్లే ఎక్కువ.

ఆటస్థలం: పరిశీలన సంగతి ఎవరూ ఎత్తలేదు. పిల్లల ఆటలని పరిశీలించిన పార్టెన్ 1932లో ఇచ్చిన ఆరు ఆట రకాలు తీసుకుని, ఇద్దరు విడివిడిగా గుర్తులు పెట్టాలి. 60 చిన్న సమయ భాగాల్లో ఇద్దరి గుర్తులు 48 చోట్ల కలిస్తే 80 శాతం అని సంబరపడొద్దు. సమాంతర ఆటే (పక్కపక్కనే ఉండి ఎవరి ఆట వాళ్లు ఆడటం) ఎక్కువుంటే యాదృచ్ఛికంగానే 60 శాతం కలవొచ్చు. అప్పుడు కప్పా (యాదృచ్ఛికంగా కలిసింది తీసేశాక మిగిలే పొంతన) 0.5 మాత్రమే. ఒంటరి ఆటకీ సమాంతర ఆటకీ తేడా ముందే రాసుకోకపోతే గొడవంతా అక్కడే.

నీళ్లగ్లాసు: కన్సర్వేషన్‌లో నీళ్లు పొడుగు గ్లాసులోకి ఒంపకముందూ, ఒంపాకా అదే ప్రశ్న వేస్తే, మొదటి జవాబు తప్పేమో అనుకుని పిల్లలు మాట మారుస్తారు. ఒంపాక ఒక్కసారే అడగండి. "ఎందుకలా?" అన్నదానికి పిల్లాడు చెప్పింది వాడి మాటల్లోనే రాయండి.

స్టాప్‌వాచ్: సెగ్విన్‌కి పది చెక్కలు, మూడు దఫాలు. మూడిట్లో తక్కువ సమయం తీసుకోవాలి, సగటు కాదు. అది చూసేది ఆకారాల గుర్తింపు, కంటి-చేతి పొందిక. భాష అందులోకి రాదు. దానొక్కదానితో ఐక్యూ రాయకండి. పక్కన వైన్‌లాండ్ స్కేలు (పిల్లాడు రోజువారీ పనులు తనే ఎంతవరకు చేసుకుంటాడో తల్లిని అడిగి కొలిచేది), మాలిన్ చేసిన భారతీయ రూపం, పెట్టండి.

వీణాధరి: వైన్‌లాండ్‌లో తల్లి "తినగలడు" అంటే మార్కు వేసేస్తున్నారు. అడగాల్సింది రోజూ తనే తింటున్నాడా అని.

తిరుపతి_హోంసైన్స్: మన ఇళ్లలో అయిదేళ్లొచ్చినా గోరుముద్దలే. అది లోపం కాదు, నేరుగా సున్నా వేస్తే అన్యాయం. అవకాశం దొరక్క చేయనిదానికి స్కోరింగులో వేరే గుర్తుంది.

కొలబద్ద: ఆ గుర్తు ఇష్టమొచ్చినట్టు వేస్తే సోషల్ ఏజ్ (ఆ స్కేలు లెక్కగట్టే సామాజిక వయసు) ఊరికే పెరుగుతుంది. చేయగల సత్తా ఉందన్న ఆధారం కావాలి.

ఆర్‌సీఐ_నంబరు: నాకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ (ఆర్‌సీఐ) రిజిస్ట్రేషన్ ఉంది, చివరి ప్రశ్నకి సూటిగా చెప్తాను. ఎమ్మెస్సీతో క్లినికల్ సైకాలజిస్టు అని బోర్డు పెట్టకూడదు. 1992 చట్టం ప్రకారం రిహాబిలిటేషన్ కౌన్సిల్ గుర్తించిన క్లినికల్ కోర్సు చేసి, రిజిస్టర్‌లో పేరెక్కాలి. చేరేముందు ఆ కాలేజీకి ఆ ఏడాది గుర్తింపు ఉందో లేదో కౌన్సిల్ వెబ్‌సైట్‌లో చూసుకోండి. అర్హతల్లో సైకాలజీ పట్టా అడుగుతారు, మీ పట్టా మీద హ్యూమన్ డెవలప్‌మెంట్ అని ఉంటే అక్కడే ఆగిపోవచ్చు.

తిరుపతి_హోంసైన్స్: క్లినికల్ ఒక్కటే దారా? ఐసీడీఎస్ (అంగన్‌వాడీలు నడిపే పథకం) పోస్టులకి హోంసైన్స్ వాళ్లని తీసుకుంటారు.

స్టాప్‌వాచ్: మళ్లీ ఉద్యోగాల్లోకి పోయారు. గోరుముద్దల పిల్లాడికి చెంచా చేతికిచ్చి ఎదురుగా చూడండి. ఒలకకుండా తిన్నాడంటే కొలబద్ద గారు అడిగిన ఆధారం అదే. తేదీ వేసి రికార్డులో రాయండి.