మోంట్‌సెరాట్: గుడా, పార్టీ ఆఫీసా?

బార్సిలోనా_బాబాయ్: మొన్న చుట్టాలను బార్సిలోనా దగ్గరి మోంట్‌సెరాట్ కొండ మీది క్రైస్తవ మఠానికి తీసుకెళ్లాను. నాకైతే అక్కడ భక్తి కంటే కాటలాన్ రాజకీయమే, అంటే స్పెయిన్‌లో ఈ కాటలోనియా ప్రాంతపు రాజకీయమే, ఎక్కువ కనిపించింది. మా ఆఫీసువాళ్లు క్రిస్మస్‌కి కూడా చర్చి గడప తొక్కరు. ఈ మఠాన్ని మాత్రం ఒక్క మాట అననివ్వరు. ఇదేం భక్తి?

సుభద్ర: 1025లో ఓలిబా మఠాధిపతి మొదలుపెట్టిన బెనెడిక్టిన్ అనే క్రైస్తవ సన్యాసుల సంఘం మఠమండీ అది. నెపోలియన్ సైన్యం కూల్చింది, 1835లో ప్రభుత్వం మూయించింది, 1936 అంతర్యుద్ధంలో అక్కడి సన్యాసులను చంపారు. అయినా నిలబడింది. స్పెయిన్ నియంత ఫ్రాంకో కాలంలో కాటలాన్ భాషకు బయట చోటే లేదు. 1947లో మేరీమాతను కొత్త సింహాసనం మీద కూర్చోబెట్టిన ఉత్సవంలో వేలమంది ముందు ఆ భాష వినిపించింది. చర్చికి వెళ్లనివాళ్లు కూడా దాన్ని తమదనుకునేది అందుకే.

రాజు99: అక్కడి మేరీమాత విగ్రహం నల్లబడింది కొవ్వొత్తుల పొగకే కదా?

కెమిస్ట్రీ_మాస్టారు: పొగ ఒక్కటే కాదు. పాత వార్నిష్ నల్లబడటం వల్ల అంటారు.

రాజు99: వెయ్యేళ్ల పొగ అండీ!

కెమిస్ట్రీ_మాస్టారు: మఠానికి వెయ్యేళ్లు. విగ్రహం 12వ శతాబ్దంది.

బార్సిలోనా_బాబాయ్: సుభద్రగారూ, మీరే నా మాట రుజువు చేశారు. 1963లో ఫ్రెంచి పత్రికలో ఫ్రాంకోను ఎండగట్టిన ఎస్కర్రే మఠాధిపతి, అంతకుముందు అదే ఫ్రాంకోకు మఠంలో స్వాగతం పలికినాయనే! గాలి ఎటు వీస్తే అటు.

సుభద్ర: ఆ ఇంటర్వ్యూ దెబ్బకు ఆయన దేశం విడిచిపోవాల్సి వచ్చింది. గాలివాటం మనిషికి అంత అవసరమేంటి? 1970 డిసెంబరులో ఉత్తర స్పెయిన్‌లోని బాస్క్ ప్రాంత కార్యకర్తల మీద సైనిక విచారణ జరుగుతుంటే, దాదాపు 300 మంది రచయితలు, కళాకారులు ఆ మఠంలోనే బైఠాయించారు. తలుపు తీసింది సన్యాసులే.

బార్సిలోనా_బాబాయ్: తీశారులెండి. మా పాప స్కూల్లో మీటింగ్ పెడితే మొత్తం కాటలాన్‌లోనే మాట్లాడారు. నానా తంటాలు పడి స్పానిష్ నేర్చుకున్నాను. ఆ రోజు బొమ్మలా కూర్చుని వచ్చాను.

సుభద్ర: అదీ సంగతి! కోపం స్కూలు మీద, తిట్లు మఠానికా?

బార్సిలోనా_బాబాయ్: రెండూ ఒకటే. ఆ కొండను నెత్తిన పెట్టుకునేవాళ్లే నన్ను ఎప్పటికీ బయటివాడిగా చూస్తారు. టాక్సులు కడుతున్నాను, ఇంకేం చెయ్యాలి?

సుభద్ర: భాష నేర్చుకోవాలి. 1950, 60ల్లో దక్షిణ స్పెయిన్‌లోని ఆందలూసియా నుంచి కూలికి వచ్చినవాళ్లకూ ఈ బాధే. వాళ్ల పిల్లల్లో చాలామంది ఇవాళ రెండు భాషలూ మాట్లాడతారు.

బార్సిలోనా_బాబాయ్: నేర్చుకోకపోతే మనిషిని కాదా?

మరియదాసు: మీ ఇద్దరికీ జెండాలే కావాలి. నేను గుణదల వెళ్లేవాడిని, మోంట్‌సెరాట్‌కూ ప్రార్థన చెయ్యడానికే వెళ్లాను. లైన్లో నిలబడి, అమ్మ చేతిలోని గోళాన్ని తాకి వచ్చాను. ఇంతసేపూ ఒక్కరైనా ఆమె గురించి మాట్లాడారా?

రాజు99: నేను మాట్లాడాను కదా, రంగు గురించి.

బార్సిలోనా_బాబాయ్: దాసన్నా, మీరు నాలుగు రోజులకు వచ్చిన యాత్రికులు, దండం పెట్టుకుని వెళ్లిపోయారు. నేను సోమవారం మళ్లీ ఆ స్కూలుకే వెళ్లాలి.